కుండీ మట్టిలో వేళ్లను తినే ముక్కుపురుగు

బ్రిటన్‌లో కుండీల్లో మొక్కలు పెంచేవారిని తరచుగా వేధించే వైన్ వీవిల్, అంటే ముక్కులా ముందుకు సాగిన మూతి గల నల్లని పురుగు, సుమారు 9 మిల్లీమీటర్ల పొడవు ఉండి, ఎగరలేకపోయినా గోడలెక్కి, రాత్రివేళ ఆకుల అంచులను గాట్లు పడేలా కొరుకుతుంది. ఈ గాట్లు చూపుకు బాగుండవు గానీ మొక్కకు పెద్దగా హాని చేయవు. అసలు చేటు మట్టిలో జరుగుతుంది. అన్నీ ఆడవే అయిన ఈ పురుగులు మగదానితో పని లేకుండానే వందలకొద్దీ గుడ్లు పెడతాయి. వాటి నుంచి వచ్చే లార్వాలు, అనగా కాళ్లు లేకుండా, గోధుమరంగు తలతో, కొడవలిలా వంగి ఉండే తెల్లని పిల్లపురుగులు, శరత్కాలం నుంచి వసంతం దాకా వేళ్లను తినివేయడంతో, నీరు పోస్తున్నా హ్యూకెరా, సైక్లమెన్ వంటి మొక్కలు వాడిపోయి, పట్టి లాగితే వేళ్లు లేకుండానే చేతికి ఊడివస్తాయి.

పెద్ద పురుగులను రాత్రి టార్చి వెలుతురులో ఏరివేయవచ్చు. లార్వాలకు మాత్రం స్టైనర్‌నీమా క్రాసీ అనే, కంటికి ఆనని నులిపురుగులే నమ్మదగిన మందు. వాటిని నీటిలో కలిపి ఆగస్టు చివర గానీ సెప్టెంబరులో గానీ కుండీలో పోస్తే, లార్వాల శరీరంలోకి దూరి, తమ వెంట తెచ్చిన బ్యాక్టీరియాతో వాటిని చంపుతాయి, అయితే మట్టి ఎండిపోతే ఆ ఖర్చంతా దండగే. కొత్తగా కొన్న మొక్కను నాటేముందు కుండీ నుంచి తీసి వేళ్లముద్దను పరిశీలించడం అంతకన్నా చౌకైన ఉపాయం.