మన పరిశోధక పిల్లలకు బర్నబా ఎవరు?

దమ్మపేట, అశ్వారావుపేట వైపు సంఘాల్లో ఆదివారం ప్రార్థన మనవులు వినండి. పదో తరగతి పరీక్షలకు, నర్సింగు సీటుకు, డీఎస్సీకి, గ్రూప్స్‌కు ప్రార్థించమని అడుగుతారు. "మా అమ్మాయి పిహెచ్‌డి చేస్తోంది, ప్రార్థన చేయండి" అనే మనవి మాత్రం అరుదు. అలాంటి పిల్లలు లేక కాదు. ఆ చదువు ఏమిటో, ఎన్నేళ్లు పడుతుందో, చివరికి ఏం వస్తుందో ఇంట్లోవాళ్లకే సరిగా తెలియదు. ఎవరైనా అడిగితే "ఇంకా చదువుకుంటోందండీ" అని మాట దాటేస్తారు.

పిహెచ్‌డి అంటే పీజీ తర్వాత ఇంకో తరగతి కాదు. అప్పటివరకు ఇతరులు కనిపెట్టింది చదివిన విద్యార్థి, ఇక్కడ తానే కొత్త సంగతి ఒకటి కనిపెట్టి, తెలిసినవాళ్ల ముందు దాన్ని నిలబెట్టుకోవాలి. నాలుగైదేళ్లు పడుతుంది. తోటివాళ్లు ఉద్యోగాల్లో స్థిరపడి, పెళ్లిళ్లు చేసుకుని, ఇళ్లు కట్టుకునే కాలం కూడా సరిగ్గా అదే. పట్టా వచ్చాక సొంతంగా పరిశోధన మొదలుపెట్టే తొలి సంవత్సరాలూ తేలిక కాదు. పెద్ద శాస్త్రవేత్తల పరిచయాలు ఉండవు, నిధులు ఎక్కడ అడగాలో తెలియదు, చేసిన పని గురించి చెప్పుకోవడానికి వేదిక దొరకదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ఈ దశలో ఉన్నవాళ్ల కోసం దేశస్థాయిలో ఒక సంస్థ ఉంది. దాని పేరు భారత జాతీయ యువ విజ్ఞాన అకాడమీ. ఇంగ్లిషు పొడి అక్షరాలతో ఇన్యాస్ అంటారు. 1935లో ఏర్పడి, ఇప్పుడు ఢిల్లీలో ఉన్న భారత జాతీయ విజ్ఞాన అకాడమీ 2014 డిసెంబరులో దీన్ని ప్రారంభించింది. అంతకు ముందే, 2010లో, బెర్లిన్‌లో ప్రపంచ యువ అకాడమీ పుట్టింది. పెద్దల అకాడమీల్లో సభ్యత్వం సాధారణంగా తల నెరిశాకే వస్తుంది. నలభై దాటని శాస్త్రవేత్తలకూ ఒక గొంతు ఉండాలన్నది ఈ యువ అకాడమీల వెనుక ఉన్న ఆలోచన. ఇన్యాస్ ఏటా కొద్దిమందిని ఎంపిక చేసి కొన్నేళ్లపాటు సభ్యత్వం ఇస్తుంది. ఆ సభ్యులు తమ తర్వాత వచ్చేవాళ్ల కోసం పని చేస్తారు. పిహెచ్‌డి విద్యార్థులకు పరిశోధన పత్రం రాయడం, నిధులకు దరఖాస్తు పెట్టడం నేర్పే శిక్షణలు ఇస్తారు. ఏళ్ల తరబడి చేసిన పనిని మూడు నిమిషాల్లో సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పే పోటీ పెడతారు. గ్రామీణ పాఠశాలల సైన్సు ఉపాధ్యాయులకు కూడా శిక్షణ ఇస్తారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఇక్కడే చాలామంది పొరపడతారు. ఇది స్కాలర్‌షిప్ ఇచ్చే సంస్థ కాదు. మన పిల్లవాడు దరఖాస్తు పెడితే నెలనెలా డబ్బు రాదు. ఇది ఇచ్చేది తోడు, పరిచయం, మాట సాయం.

బైబిల్లో దీనికి దగ్గరి మనిషి బర్నబా. సౌలు గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నవాడు, చదువుకు ఏ లోటూ లేదు. అయినా యెరూషలేముకు వస్తే శిష్యులెవరూ నమ్మలేదు. బర్నబా అతన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు. తర్వాత తార్సు దాకా వెళ్లి వెతికి పట్టుకుని అంతియొకయకు తెచ్చి, ఒక సంవత్సరం పక్కన ఉంచుకుని పని చేయించాడు. అప్పటికే పేరున్న మనిషి, ఇంకా పేరు లేని మనిషి కోసం తన పేరును వాడాడు.

ఇక డబ్బు సంగతి. దానియేలుకు, అతని ముగ్గురు స్నేహితులకు కల్దీయుల విద్య నేర్పడానికి రాజు మూడేళ్లపాటు అనుదిన భోజనం నియమించాడు. ఆ భోజనాన్ని వాళ్లు కాదన్నారు గానీ, చదువుకునేవాడిని ఎవరో పోషించాలన్న సంగతి ఆ రాజుకూ తెలుసు. మన దగ్గర ఆ పని ఫెలోషిప్‌లు చేస్తాయి. యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. అందులో జేఆర్‌ఎఫ్ సాధిస్తే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ విడిగా ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తోంది. వాటిని పీజీ మార్కులను బట్టి ఇస్తారు. దమ్మపేట మండలంలోని కోయ కుటుంబాలకు, పూసుకుంటలాంటి కొండరెడ్ల గూడేలకు ఇది దగ్గరి తలుపు.

మన సంఘాల్లో దీని గురించి ఒక భయం ఉంది. బాప్తిస్మం తీసుకున్నాం కదా, ఎస్టీ సర్టిఫికెట్ చెల్లుతుందా అని. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. కోయ క్రైస్తవుడు కోయవాడే, ఆ హక్కు పోదు. షెడ్యూల్డ్ కులాల విషయం వేరు. 1950 ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తర్వాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఆ హోదా ఉంది. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రంలో బి.సి. 'సి' కిందికి వస్తారు. వాళ్లకు ఉపయోగపడిన మరో దారి మైనారిటీల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్. అందులో క్రైస్తవులకూ చోటు ఉండేది. 2022-23 నుంచి దాన్ని ఆపేశారు. వేరే పథకాలు ఉన్నాయి కదా అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కానీ ఎస్సీ ఫెలోషిప్‌కు అర్హత లేని దళిత క్రైస్తవ విద్యార్థికి ఆ మాట ఊరట కాదు. మన సంఘాల పెద్దలు దీని మీద ఇంకాస్త గట్టిగా మాట్లాడి ఉండాల్సిందని మా అభిప్రాయం.

ప్రభుత్వం ఒక్కటే దారి కూడా కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో హార్వర్డుకు వెళ్లినప్పుడు ఆ ప్రయాణానికి సాయపడింది కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, పిల్లనిచ్చిన మామగారు. బోస్టన్‌లో ఆయన ఆసుపత్రిలో చిన్నపనులు చేసుకుంటూ చదివాడు. హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన ఆధ్వర్యంలో వచ్చిన మందుల్లో ఒకటి డైఇథైల్ కార్బమజైన్. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర అదే. ఒక ఊరి ధర్మసంస్థ ఇచ్చిన డబ్బు ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి.

మన అడవి గురించి పరిశోధన కూడా కొత్తదేమీ కాదు. దుమ్ముగూడెం మిషన్‌లో పనిచేసిన రెవరెండ్ జాన్ కెయిన్ 1870లలోనే కోయల ఆచారాల గురించి, భద్రాచలం తాలూకా గురించి 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో రాశాడు. 1909లో థర్‌స్టన్ వేసిన కులాలు, తెగల సంపుటాల్లో కోయల భాగం చాలావరకు ఆయన రాసిందాని మీదే నిలబడింది. కొండరెడ్ల మీద హైమన్‌డార్ఫ్ పుస్తకం 1945లో వచ్చింది. ఇద్దరూ బయటివాళ్లే. కోయ మాట ఇంట్లో మాట్లాడే పిల్ల అదే పని చేస్తే ఇంకెన్ని సంగతులు బయటికొస్తాయో! పామాయిల్ తోటల తెగుళ్లు, పోడు భూముల చరిత్ర, గూడేల్లో రక్తహీనత, ఇవన్నీ మన గడప ముందున్న పరిశోధన అంశాలే. అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది, ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది.

సంఘం చేయగలిగింది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఫెలోషిప్ డబ్బు చాలాసార్లు నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది. ఆ నెలల్లో హాస్టల్ మెస్ బిల్లుకు అప్పుగా ఇచ్చి, డబ్బు రాగానే తిరిగి తీసుకునే చిన్న నిధి ఒకటి కానుకల్లోంచి పక్కన పెట్టవచ్చు. మీ డయాసిస్‌లోనో, పక్క ఊరి సంఘంలోనో పిహెచ్‌డి పూర్తిచేసినవాళ్లు ఉంటే, యవ్వనస్తుల కూడికకు ఒక పూట పిలిచి, వాక్యం తర్వాత గంటసేపు మాట్లాడించండి. పీజీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్ల పేర్లు ఇప్పుడే రాసుకోండి. కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోమనండి. దరఖాస్తు గడువు చివరి వారంలో మీసేవ ముందు నిలబడితే ఆ పనులు అవ్వవు.