అక్షరానికి ముందు ఆట

పోచారం: ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డున ఘట్‌కేసర్ వైపు పోతుంటే వచ్చే పోచారంలో ఇప్పుడు పొలాల కన్న ఇళ్ళ స్థలాలే ఎక్కువ. ఇన్ఫోసిస్ కంపెనీ వచ్చింది. దాని వెంట అపార్టుమెంట్లు వచ్చాయి. వాటిని కట్టే కూలీలు వచ్చారు. వారందరి వెనుకా పసుపుపచ్చ బడి బస్సులు వచ్చాయి. తెల్లవారి ఈ బస్సులు ఎక్కే పిల్లల్లో నాలుగేళ్ళు నిండనివారు కూడా వున్నారు. మెడలో టై, వీపున సంచి. సంచిలో గీతల పుస్తకం. సాయంత్రానికి ఆ పుస్తకంలో హోంవర్కు.

‘‘అంగన్‌వాడీకి పంపితే ఆడించి, అన్నం పెట్టి పంపిస్తారు, చదువు చెప్పరు’’ అనేది ఈ ఒక్క ఊరి మాటే కాదు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అంతటా, ఆ మాటకొస్తే రాష్ట్రమంతటా తల్లిదండ్రుల నోట వినవచ్చే మాట. ఈ భయంతోనే రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబాలు కూడా అప్పు చేసి నర్సరీ ఫీజు కడుతున్నాయి. తమ బిడ్డ వెనుకబడిపోకూడదన్న ఆరాటాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కాని మూడు నుంచి ఆరేళ్ళ వయసులో ఆట వేరు, చదువు వేరు కావని శిశు విద్యను పరిశీలించినవారు నూరేళ్ళకు పైగా చెబుతున్నారు. ఫీజు కట్టే ముందు ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.

మణికట్టు గట్టిపడాలి

మొదట చెయ్యి సంగతి. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు వుంటాయి. పుట్టినప్పుడు ఇవేవీ ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి మాత్రమే. ఏడాది లోపల రెండు గట్టిపడడం మొదలవుతుంది. మూడేళ్ళ నాటికి మరొకటి. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం ఆరేడేళ్ళ లోపున ఒక్కొక్కటిగా మొదలవుతాయి. చివరిది ఎనిమిదేళ్ళు దాటాక గాని మొదలు కాదు. వేళ్ళను ఆడించే చిన్న కండరాలు కూడా నెమ్మదిగానే బలపడతాయి. అటువంటి చేతికి పెన్సిలిచ్చి గీతల మధ్య నాలుగు పేజీలు నింపమంటే పిల్లవాడు పిడికిలి బిగించి రాస్తాడు. త్వరగా అలసిపోతాడు, ఏడుస్తాడు. మొండివాడని దెబ్బ వేస్తే రాత మీదే విముఖత పుడుతుంది.

ఆ చేతిని సిద్ధం చేసే పనులు మన ఇళ్ళలోనే వున్నాయి. రొట్టెల పిండి ముద్ద ఇస్తే పిల్లలు పిసుకుతారు. చిక్కుడుకాయలు ఒలుస్తారు, పూసలు దారానికి గుచ్చుతారు, బంకమట్టితో ఎడ్లను చేస్తారు. గచ్చకాయలాటలో ఒకటి పైకెగరేసి అది కిందికి వచ్చేలోగా మిగిలినవి ఏరుకోవాలంటే కంటికీ చేతికీ పొత్తు కుదరాలి. ఆ పొత్తే రేపు అక్షరాన్ని గీత మీద నిలబెడుతుంది.

బతుకమ్మ పేర్చే నాడు నాయనమ్మ పక్కన కూర్చున్న పిల్లను చూస్తే ఈ విషయం ఇంకా బాగా తెలుస్తుంది. తంగేడు ఒక పక్క, గునుగు ఒక పక్క, బంతి ఒక పక్క. రంగును బట్టి వేరు చేయడం, పొడుగు కాడలు కత్తిరించి సమానం చేయడం, పెద్ద వలయం కింద, చిన్న వలయం పైన. వేరు చేయడం, పోల్చడం, వరుస పెట్టడం అనే మూడు పనుల మీదే రేపటి లెక్కలు నిలబడతాయి. పట్టణాల్లో ఖరీదు పెట్టి కొనే చెక్క బొమ్మలు నేర్పేదీ ఇదే.

నూరు వరకు అంకెలు గడగడా అప్పగించే నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఏడు చింతగింజలు తెమ్మంటే చాలాసార్లు గుప్పెడు తెస్తాడు. అప్పగించినది పాట, లెక్క కాదు. మరొకటి కూడా ఇంట్లోనే చూడవచ్చు. రెండు ఒకే రకం గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి చూపించి, తరువాత ఒకదానిలోని నీళ్ళను సన్నని పొడుగు గ్లాసులోకి వంచి, ఎందులో ఎక్కువ వున్నాయని అడగాలి. నాలుగైదేళ్ళ పిల్లలు సాధారణంగా పొడుగు గ్లాసునే చూపుతారు. స్విట్జర్లాండుకు చెందిన మానసిక శాస్త్రవేత్త జాన్ పియాజే ఇటువంటి పరీక్షలతోనే చిన్నపిల్లల ఆలోచన పెద్దవారి ఆలోచనకు చిన్న నమూనా కాదని చూపించాడు. తప్పు చెప్పినందుకు కసరడం వల్ల లాభం లేదు. తానే పోసి, వంచి, ఒలకబోసుకుంటూ వుంటే కొన్నాళ్ళకు తానే తెలుసుకుంటాడు.

ఇక భాష. ఈ ప్రాంతంలో తెలుగు ఇళ్ళున్నాయి, హిందీ, ఒడియా మాట్లాడే కూలీల ఇళ్ళూ వున్నాయి. నర్సరీలో మాత్రం అందరికీ ఇంగ్లీషు పాటలే. వర్షాన్ని వెళ్ళిపొమ్మనే పాటను వాన కోసం మొగులు వైపు చూసే రైతు బిడ్డ చేత పాడించడం అటుంచి, ఆ మాటలకు అర్థమే తెలియకపోతే నోటికి పని తప్ప బుద్ధికి పని లేదు. ఇంటి భాషలో కథ విని, ‘‘తరువాత ఏమైంది?’’ అని అడిగే పిల్లవాడికి మాటలు పెరుగుతాయి. మాటలు పెరిగినవాడు పుస్తకాన్ని త్వరగా పట్టుకుంటాడు, ఇంగ్లీషునూ తరువాత తేలికగానే అందుకుంటాడు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంత వరకు ఇంటి భాషలోనే బోధించాలని చెప్పింది. మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశ అనీ, ఒకటో తరగతి వయసు ఆరేళ్ళనీ ఆ విధానంలో వుంది.

కూలీల బిడ్డలతోనే మొదలు

శిశు విద్య ఉన్నవారి సరదాగా పుట్టినది కాదు. 1907లో ఇటలీ దేశపు రోమ్ నగరంలో కూలీలు నివసించే ఒక పేద వాడలో డాక్టర్ మరియా మాంటిసోరి మొదటి ‘పిల్లల ఇల్లు’ తెరిచింది. తల్లులు పనికి పోతే మెట్ల మీద తిరిగే పిల్లలే ఆమె విద్యార్థులు. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. నేడు ఊరూరా ఆమె పేరుతో బోర్డులు కనిపిస్తున్నాయి. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అడ్డు లేదు. కాని ఆమె పద్ధతిలో పిల్లలు మొదట గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో తడుముతారు. ఆ తరువాతే రాత. బోర్డులున్న చోటల్లా ఈ పద్ధతి వున్నదనుకుంటే పొరపాటే.

మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో గుజరాతులోని భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ తరువాత మహారాష్ట్ర పల్లెలకు వెళ్ళింది. పిల్లలు బడికి రాకపోతే బడినే వారి వాకిట్లోకి తీసుకుపోయింది. వాకిట్లో నడిచే బడి గనుక అంగన్‌వాడీ అన్న మాట వచ్చింది. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని 33 చోట్ల ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు ఈ మాటే దేశమంతటా స్థిరపడింది.

మంచి శిశు విద్య ఫలితం ఎంత దూరం వుంటుందో అమెరికాలో చూశారు. మిషిగన్ రాష్ట్రంలో 1962లో మొదలైన ఒక ప్రయోగంలో 123 మంది పేద నీగ్రో జాతి పిల్లలను తీసుకుని, కొందరికి ఆటలతో, ప్రణాళికతో కూడిన శిశు విద్య ఇచ్చారు. టీచరు వారం వారం ఇంటికి పోయి తల్లితో మాట్లాడేది. నలభయ్యేళ్ళ వయసులో చూస్తే ఆ చదువు దొరికినవారి సంపాదన ఎక్కువగా, అరెస్టులు తక్కువగా వున్నాయి. కాని టెనెసీ రాష్ట్రంలో పెద్ద ఎత్తున నడిపిన శిశు తరగతులపై 2022లో వెలువడిన ఫలితాలు వేరుగా వున్నాయి. అక్కడి పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి, ఆ తరగతులకు పోనివారి కన్న మార్కుల్లో వెనుకబడ్డారు. చిన్న వయసులో బడికి పంపడమే గొప్ప కాదు, అక్కడ ఏం జరుగుతున్నదన్నదే ముఖ్యమని ఈ రెండూ కలిపి చూస్తే తెలుస్తుంది.

అదే కొలతతో అంగన్‌వాడీనీ కొలవాలి. కేంద్రంలో ఒక టీచరు, ఒక ఆయా. అన్నం, పప్పు, గుడ్డు పెట్టాలి. పిల్లల బరువు తూచాలి. టీకాలకు పిలవాలి. గర్భిణుల, బాలింతల లెక్క చూడాలి. 2021 నుంచి ఇవన్నీ పోషణ్ ట్రాకర్ పేరిట ఫోనులో కూడా ఎక్కించాలి. ఈ పనులన్నీ పోను కథ చెప్పడానికి మిగిలే సమయం ఎంత? తిండి పెట్టి పంపుతారన్న తల్లుల ఫిర్యాదులో సగం నిజం ఇక్కడ వుంది. ఆటను తప్పు పట్టడం సరికాదు గాని, ఆడించేవారికి తీరిక లేకపోవడం నిజంగానే లోపం. ఆరేళ్ళ లోపు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించడానికి ప్రభుత్వం పాటుపడాలని 2002లో రాజ్యాంగాన్ని సవరించి 45వ అధికరణంలో రాసుకున్నాం. కేంద్రానికి ఇంకొక మనిషిని ఇవ్వమనీ, రిజిస్టర్ల బరువు తగ్గించమనీ అడగడానికి ఆ వాక్యం చాలు.

ప్రైవేటు బడులకూ ఒక మాట చెప్పాలి. నర్సరీలో చేర్చుకోవడానికి పిల్లలకు గాని, తల్లిదండ్రులకు గాని పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టరాదని ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. మూడేళ్ళ పిల్లకు హోంవర్కు ఎందుకని అడిగే హక్కు ఫీజు కట్టే తండ్రికి వుంది. అడిగేవారే తక్కువ.

జూన్‌లో బడులు తెరిచేలోగా తల్లిదండ్రులు ఒక పూట పని మానుకుని, ఇంటికి దగ్గరున్న అంగన్‌వాడీలో ఒక గంట, పంపదలచుకున్న నర్సరీలో ఒక గంట కూర్చుని చూడవచ్చు. గదిలో మట్టి, పూసలు, బొమ్మల పుస్తకాలు పిల్లల చేతికి అందేటట్టు వున్నాయా, అలమారాలో తాళం వేసి వున్నాయా? టీచరు పిల్లల మధ్య కూర్చున్నదా, బల్ల వెనుక కూర్చున్నదా? ఆ గంటలో పిల్లలు ఎంతసేపు మాట్లాడారు, ఎంతసేపు చేతులు కట్టుకుని వున్నారు? ఫీజు ఎంత అని అడగడం ఆ తరువాత.