ముక్కు ముడిచినా... ముఖచిత్రమే!

ఫ్యాషన్ ఫొటో అనగానే ఏం గుర్తొస్తుంది? నిగనిగలాడే చర్మం, చెదరని జుట్టు, వెనకాల ఏ రాజుల కోటో, విదేశీ సముద్ర తీరమో. మొటిమ కనిపిస్తే చెరిపేస్తారు. నడుము కాస్త లావుగా ఉంటే తగ్గించేస్తారు. అంతెందుకు, పెళ్లిచూపులకు పంపే ఫొటోకే మనవాళ్లు ఎంత టచప్ చేయిస్తారో తెలిసిందే కదా! అలాంటిది, ముక్కు ముడిచి, కళ్లు చికిలించి, అల్లరి చేస్తూ దొరికిపోయిన బడిపిల్లలా నవ్వుతున్న ఫొటోని ఎవరైనా పత్రిక అట్టమీద వేస్తారా? లండన్ పత్రిక 'ది ఫేస్' వేసింది, 1990 జులైలో. ఆ పిల్ల పేరు కేట్ మోస్. వయసు పదహారు. ఫొటో తీసిన కొరీన్ డే పేరు అప్పటికి చాలామందికి తెలియదు.

ఆ ధైర్యం ఒక్కరోజులో వచ్చింది కాదు. 1980లో లండన్‌లో రెండు చిన్న పత్రికలు పుట్టాయి. ఒకటి నిక్ లోగన్ తన సొంత పొదుపు డబ్బుతో మొదలెట్టిన 'ది ఫేస్'. రెండోది 'ఐ-డి'. దీన్ని పెట్టిన టెర్రీ జోన్స్ అంతకుముందు బ్రిటిష్ 'వోగ్'లో ఆర్ట్ డైరెక్టర్. అక్కడి తళుకుబెళుకులన్నీ చూసి చూసి విసుగొచ్చిందో ఏమో, టైపు మిషను మీద అక్షరాలు కొట్టి, కాగితాలకి స్టేపుల్ పిన్నులు వేసి మొదటి సంచిక తెచ్చేశాడు. మోడళ్లు లేరు. రోడ్డుమీద వెళ్లే కుర్రాళ్లనూ అమ్మాయిలనూ ఆపి, దగ్గర్లోని గోడ ముందు నిలబెట్టి, తల నుంచి కాళ్ల దాకా ఒక ఫొటో తీయడమే. చొక్కా ఎక్కడ కొన్నావు, బూట్లు ఎక్కడివి, ఏ పాటలు వింటావు... చెప్పిన జవాబులు ఫొటో పక్కనే అచ్చు. వీటికి 'స్ట్రెయిట్ అప్' అని పేరు. ఇప్పుడు ఫోన్లలో కనిపించే వీధి ఫ్యాషన్ ఫొటోలన్నిటికీ ఇదే పాత చుట్టరికం. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ పత్రిక పేరులోని ఇంగ్లిషు అక్షరాలను అడ్డంగా తిప్పితే కన్ను కొట్టి నవ్వుతున్న ముఖంలా ఉంటుంది. అందుకే అట్టమీద ఎవరున్నా ఒక కన్ను మూసుకోవాలి, లేదా ఏదో ఒకటి అడ్డం పెట్టుకోవాలి!

'ఫేస్'ది ఇంకో దారి. రే పెట్రీ అనే స్టైలిస్టు సైనికుల జాకెట్లనూ, బాక్సర్లు వేసుకునే నిక్కర్లనూ, స్కాట్లాండ్ గళ్ల కిల్టులనూ కలగలిపి కుర్రాళ్లకు తొడిగేవాడు. 1985 మార్చి సంచిక అట్టమీద ఫీలిక్స్ హోవర్డ్ అనే పిల్లాడు టోపీకి 'కిల్లర్' అన్న కాగితం ముక్క తగిలించుకుని గంభీరంగా చూస్తుంటాడు. తీసింది జేమీ మోర్గన్. పెట్రీ 1989లో ఎయిడ్స్‌తో చనిపోయాడు.

స్నేహితురాలే... కానీ!

కొరీన్‌ని పెంచింది అమ్మమ్మ. పెద్దయ్యాక మోడల్‌గా దేశాలు తిరిగింది. కెమెరా పట్టుకోవడం ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు, ప్రియుడి దగ్గర నేర్చుకుంది. మేకప్ వెనక మోడళ్లు ఎలా ఉంటారో, పని లేని రోజుల్లో ఇరుకు గదుల్లో ఎలా గడుపుతారో ఆమెకు అనుభవమే. అదే తీయాలనుకుంది. స్టార్మ్ అనే మోడలింగ్ ఏజెన్సీలో కేట్ పోలరాయిడ్ ఫొటో ఆమె కంట పడింది. మోడళ్ల లెక్కలో కేట్ పొట్టిది, బక్కపల్చన. కొరీన్‌కు నచ్చిందే అది. స్టైలిస్టు మెలనీ వార్డ్‌తో కలిసి ఆ అమ్మాయిని కాంబర్ శాండ్స్ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లారు. స్టూడియో లైట్లు లేవు, ఉన్న వెలుతురే. తలమీద ఈకల కిరీటం. కేట్ పరుగెత్తింది, గెంతింది, పకపకా నవ్వింది. కొరీన్ క్లిక్‌మనిపించింది.

చూసినవాళ్లు ఎంత సహజంగా ఉందో అనుకున్నారు. ఆ సహజత్వం వెనక సంగతి ఏళ్ల తర్వాత బయటికొచ్చింది. ఆనాడు తనకు ఇష్టంలేని రీతిలో కూడా ఫొటోలు దిగాల్సి వచ్చిందనీ, ఏడ్చాననీ కేట్ 2012లో ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. 2022లో బీబీసీ రేడియోలో మళ్లీ అదే ప్రస్తావన వచ్చింది. కొరీన్ అంటే తనకు ప్రాణమే అంటూనే, ఆ ఫొటోల కోసం బాధపడింది మాత్రం తానేనంది. ఫొటోలు అద్భుతంగా ఉన్నాయనీ ఒప్పుకుంది. పదహారేళ్ల పిల్ల 'వద్దు' అంటే వినాల్సిన పెద్దవాళ్లు ఆ ఒడ్డున లేకపోయారు. ఆ మాట అనకుండా ఈ ఫొటోలను మెచ్చుకోవడం కుదరదు.

1993 జూన్ 'వోగ్' సంచిక కోసం ఇద్దరూ మళ్లీ కలిశారు. కేట్ సొంత ఫ్లాట్‌లోనే షూటింగ్. గోడకు అతికించిన చిన్న రంగు దీపాల తీగ, మామూలు గది, లోదుస్తుల్లో చిక్కిపోయినట్టున్న అమ్మాయి. సగం పని అయ్యేసరికి కేట్‌లో మునుపటి సరదా పోయిందనీ, స్నేహితురాలు కాస్తా 'మోడల్' అయిపోయిందనీ కొరీన్‌కు అర్థమైందట. పత్రిక మార్కెట్లోకి వచ్చాక గొడవ మొదలైంది. ఆడపిల్లలను తిండి మానేయమంటున్నారా, మత్తుమందులు తీసుకోమంటున్నారా అని విమర్శకులు దుమ్మెత్తిపోశారు. కొరీన్ ఫ్యాషన్ పనికి దూరమై, ఒక రాక్ బృందం వెంట కెమెరాతో తిరిగింది.

ఆ గొడవ అక్కడితో ఆగలేదు. 1997లో డేవిడ్ సొరెంటీ అనే ఇరవయ్యేళ్ల ఫొటోగ్రాఫర్ చనిపోవడంతో 'హెరాయిన్ షిక్' అన్న మాట పత్రికలన్నిటా మోగింది. బట్టలు అమ్ముకోవడానికి మత్తును అందంగా చూపించాలా అని సాక్షాత్తు అమెరికా అధ్యక్షుడు క్లింటనే ఫ్యాషన్ రంగాన్ని నిలదీశాడు.

అప్పటికే కొరీన్ మరో పోరాటంలో ఉంది. 1996లో న్యూయార్క్‌లో కుప్పకూలిపోతే, మెదడులో కణితి ఉందని తేలింది. ఆస్పత్రి మంచం మీద ఉన్న తనను కూడా ఫొటో తీయమని ప్రియుణ్ని అడిగింది. అవి స్నేహితుల ఫొటోలతో కలిసి 2000లో 'డైరీ' అనే పుస్తకంలో వచ్చాయి. ఎదుటివాళ్లను ఎలా చూపించిందో తననూ అలాగే చూపించుకుంది.

తర్వాత లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ కోసం ఆమె మళ్లీ కేట్‌ను ఫొటోలు తీసింది. దగ్గర నుంచి తీసిన తొమ్మిది ముఖాలు. పోజులేమీ లేవు, ఇద్దరూ మాట్లాడుకుంటుండగా తీసినవే. కొరీన్ 2010 ఆగస్టులో కన్నుమూసింది. 2004లో మూతపడిన 'ది ఫేస్' 2019లో మళ్లీ మొదలైంది. 2025 ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ పత్రిక ఫొటోలతో అదే గ్యాలరీలో ప్రదర్శన పెట్టారు. స్టాళ్లలో కొనుక్కుని చదివి పక్కన పడేసిన పత్రికను చూడటానికి జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్లారు.