సోయాచిక్కుడు దిగుబడిపై ఉష్ణోగ్రత ప్రభావం
పంటకాలపు సగటు ఉష్ణోగ్రతను మాత్రమే చూస్తే సోయాచిక్కుడుకు జరిగే నష్టం మీకు అంతుపట్టదు. పైరు ఎన్ని గంటలు అధిక వేడికి గురైందన్నదే అసలు లెక్క. అమెరికా కౌంటీల దిగుబడులపై ష్లెంకర్, రాబర్ట్స్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వరకు దిగుబడి మెల్లగా పెరిగింది. ఆపైన వేగంగా పడిపోయింది.

పూత దశలో వేడి మితిమీరితే పుప్పొడి మొలకెత్తే శక్తి తగ్గి పూలు, పిందెలు రాలిపోతాయి. అయితే సోయా చాలా రోజులపాటు పూస్తుంది. తరువాత చల్లబడి, నేలలో తేమ ఉంటే కొత్త పూతతో కొంత నష్టాన్ని పూడ్చుకోగలదు. గింజ నిండే దశలో ఆ వెసులుబాటు లేదు: ఆ దశే కుదించుకుపోయి గింజ సన్నబడుతుంది. ఆదిలాబాద్ నల్లరేగళ్లలో ఈ పంట ఎక్కువగా వర్షాధారం. అందువల్ల వాన ముఖం చాటేసినప్పుడు వేడి, బెట్ట కలిసే దెబ్బతీస్తాయి.

ఆలోచించండి: రెండు పొలాల సగటు ఉష్ణోగ్రత ఒకటే, కాని ఒకదానిలోనే పగటి వేడి తరచూ 36 డిగ్రీలు దాటింది. రెండింటి దిగుబడీ ఒకటే ఉంటుందా?