ఇచ్చిన అక్షరాలతో ఇంగ్లీషు పదాల అన్వేషణ: ప్రశ్న ఒకటి, అర్థాలు మూడు

వ్యాససంగ్రహం: కొన్ని అక్షరాలిచ్చి, అవి గల ఇంగ్లీషు పదాలను వెలికితీయడం పైకి సులభంగా కనిపించే పని. ఆ ఒక్క ప్రశ్నలో కలగలిసి ఉన్న వేర్వేరు ప్రశ్నలను విడదీసి, వాటికి తగిన పద్ధతులను వివరించడం, పదపట్టిక ఎంపికను బట్టి ఫలితం ఎలా మారుతుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అక్షరసమితి, పదాన్వేషణ, అక్షరక్రమం, పదపట్టిక, యూనికోడ్.

1. ప్రశ్నను విడదీయడం

"ఈ అక్షరాలు కలిసి వచ్చే పదం ఇంగ్లీషులో లేదు" అని పరిశోధన వ్యాసంలో రాయడం తేలిక. దానిని నిరూపించడం మాత్రం కష్టం. ఉన్న పదాన్ని చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. లేదని చెప్పాలంటే వెతికిన తీరు, వెతికిన చోటు రెండూ నిర్దుష్టంగా ఉండాలి.

ఎ, ఇ, ఎల్, పి అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలను తీసుకుందాం. ఇవి "ఉన్న" పదాలు కావాలంటే మొదటి అర్థం: ఈ నాలుగూ తప్పక ఉండాలి, ఇతర అక్షరాలు ఉన్నా అభ్యంతరం లేదు. అప్పుడు చాపెల్, స్టేపుల్, ఎలిఫెంట్ అన్నీ వస్తాయి. రెండవ అర్థం: ఈ నాలుగింటిలోంచి మాత్రమే పదం కట్టాలి, అన్నీ వాడనక్కరలేదు. అప్పుడు ఏప్, పీ (బఠాణీ), ల్యాప్ వంటి చిన్న పదాలు చేరతాయి, ఎలిఫెంట్ తొలగిపోతుంది. మూడవది: నాలుగూ ఒక్కొక్కసారే వాడి, ఏదీ మిగలకుండా కట్టాలి. లీప్, పేల్, ప్లీ, పీల్ (గంటల మోత) ఈ కోవలోనివి.

మరి యాపిల్ సంగతేమిటి? అందులో పి రెండుసార్లు ఉన్నది. మొదటి అర్థంలో దానికి అడ్డులేదు. రెండవ అర్థంలో మాత్రం జవాబు నియమాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్ టైమ్స్ వారి స్పెల్లింగ్ బీ ఆటలో ఇచ్చిన అక్షరాన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు కనుక యాపిల్, అప్పీల్, లపెల్ మూడూ చెల్లుతాయి. స్క్రాబుల్‌లో పి బిళ్ళ ఒక్కటే చేతిలో ఉంటే, ఖాళీ బిళ్ళ లేనిదే యాపిల్ రాదు. గణిత పరిభాషలో మొదటిది సమితి. రెండవది ఆవృత్తిని కూడా లెక్కించే బహుసమితి. నా అనుభవంలో విద్యార్థులు పొరబడేది ఎక్కువగా ఇక్కడే.

తెలుగు పాఠకునికి మరొక చిక్కు ఉన్నది. మనం విన్నది రాస్తాము. ఇంగ్లీషు అన్వేషణ రాతను చూస్తుంది, ఉచ్చారణను కాదు. నైఫ్‌లో కె, సైకాలజీలో పి వినపడకపోయినా లెక్కకు వస్తాయి.

2. క్రమం, స్థానం

అక్షరాలు ఏ వరుసలోనైనా ఉండవచ్చునా, ఇచ్చిన వరుసలోనే ఉండాలా అన్నది వేరే ప్రశ్న. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్ కోసం రూపొందించిన గ్రెప్ వంటి సాధనానికి "ఎ, తరువాత ఎక్కడో ఇ, తరువాత ఐ, ఓ, యు" అన్న నమూనా ఇస్తే ఫెసీషియస్, అబ్‌స్టీమియస్ దొరుకుతాయి. ఐదు అచ్చులూ ఉన్న ఎడ్యుకేషన్, సెక్వోయా మాత్రం దొరకవు, వాటిలో వరుస వేరు కనుక. వరుసతో పని లేనప్పుడు ఒక్కొక్క అక్షరానికి ఒక జల్లెడగా ఐదుసార్లు వడకట్టాలి. ఏ జల్లెడ ముందైనా ఫలితం ఒకటే. అయితే అరుదైన అక్షరంతో మొదలుపెడితే శ్రమ తగ్గుతుంది. క్యూ, జడ్, ఇ మూడూ కావాలంటే క్యూతో ఆరంభించాలి. ఇతో మొదలుపెడితే పట్టికలో పెద్ద భాగం అలాగే మిగిలిపోతుంది.

అవధాన విద్య తెలిసినవారికి ఈ భేదం కొత్త కాదు. న్యస్తాక్షరిలో పృచ్ఛకుడు అక్షరాన్నీ దాని స్థానాన్నీ ముందే నిర్ణయిస్తాడు. నిషిద్ధాక్షరిలో తరువాత రాకూడని అక్షరాన్ని చెబుతాడు. వర్డిల్ ఆటలోని ఆకుపచ్చ గడి మొదటిదానికి, బూడిదరంగు గడి ఇంచుమించు రెండవదానికి దగ్గర. పసుపు గడి, అంటే "అక్షరం ఉన్నది, ఇక్కడ కాదు" అనే షరతు, మన అవధానాంశాలలో నాకు కనిపించలేదు.

3. పేర్చిన రూపం

మూడవ అర్థానికి తొందరపాటు పద్ధతి అక్షరాలను అన్ని విధాలా మార్చి నిఘంటువులో చూడడం. పది వేర్వేరు అక్షరాలకు 36,28,800 అమరికలు వస్తాయి. దానికి బదులు నిఘంటువునే సిద్ధం చేసుకోవచ్చు. ప్రతి పదంలోని అక్షరాలను ఇంగ్లీషు వర్ణమాల వరుసలో పేర్చి, దానిని ఆ పదానికి గుర్తుగా ఉంచాలి. లీప్, పేల్, ప్లీ, పీల్ నాలుగింటికీ ఎ-ఇ-ఎల్-పి అనే ఒకే గుర్తు వస్తుంది. యాపిల్ గుర్తు ఎ-ఇ-ఎల్-పి-పి. కనుక అది వేరుపడుతుంది. ఇచ్చిన అక్షరాలనూ అలాగే పేర్చి ఒక్కసారి వెతికితే చాలు. జాన్ బెంట్లీ 1986లో వెలువరించిన 'ప్రోగ్రామింగ్ పెర్ల్స్' గ్రంథంలో ఈ ఉపాయం వివరంగా ఉన్నది.

మొదటి అర్థానికి 26 గడుల వరుస మేలు. పదంలో ఉన్న అక్షరానికి 1, లేనిదానికి 0 వేస్తే, ఇచ్చిన అక్షరాల గడులన్నిటా 1 ఉన్నదా అని కంప్యూటర్ ఒక్క పోలికతో చెబుతుంది. ఈ వరుస ఆవృత్తిని మరచిపోతుంది. లీప్, యాపిల్, అప్పీల్ దానికి ఒకటే. స్పెల్లింగ్ బీకి ఇది గుణం, స్క్రాబుల్‌కు దోషం.

4. ఎక్కడ వెతికాము?

బి.ఎస్.డి. యూనిక్స్‌తో వచ్చిన ప్రసిద్ధ పదపట్టికకు ఆధారం 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువు. 1948లో పుట్టిన ట్రాన్సిస్టర్ అనే మాట అందులో ఎంత వెతికినా కనిపించదు. ఆరోపపదాలే ఉన్న పట్టికలో బహువచనాలు, భూతకాల రూపాలు దొరకవు. బ్రిటిష్ వర్ణక్రమంలోని 'ఎనలైజ్'లో ఎస్ ఉన్నది, అమెరికన్ వర్ణక్రమంలో జడ్. కనుక జడ్ గల పదాల సంఖ్య పట్టిక ఏ దేశానిదో దానిని బట్టి మారుతుంది. క్యూ తరువాత యు రాని పదాల విషయం మరీ స్పష్టం: బుర్ఖా, నికాబ్ వంటి ఎరవుమాటలను చేర్చిన పట్టికలో అవి ఉన్నాయి, చేర్చనిదానిలో లేవు. అందువల్ల "లేదు" అనే ప్రకటన పక్కన పట్టిక పేరు, ముద్రణ సంవత్సరం లేకపోతే దానిని పరీక్షించే వీలు ఉండదు.

5. తెలుగుకు వర్తింపజేసేటప్పుడు

ఈ సాధనాలనే తెలుగు పాఠాలపై వాడే పరిశోధకులు ఒక సంగతి గుర్తించాలి. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక సంకేతం. యూనికోడ్‌లో తెలుగు ఇకారానికి రెండు ఉన్నాయి: పదాదిన వచ్చే 'ఇ' ఒకటి, హల్లుపై నిలిచే గుడి మరొకటి. 'ఇ' అని వెతికితే 'కిటికీ' దొరకదు, అందులో ఇకారం రెండుచోట్ల ఉన్నా సరే. 'స్త్రీ' మనకు ఒకే అక్షరం; కంప్యూటర్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాలు. వాటిని పైన చెప్పినట్లు వరుసగా పేరిస్తే అక్షరమే చెదిరిపోతుంది. కాబట్టి తెలుగు పదాన్ని ముందు అక్షరాలుగా విడగొట్టి, ఆ అక్షరాలనే ప్రమాణాలుగా తీసుకొని పేర్చాలి. వర్ణాల మీద జరిగే పరిశోధనకైతే గుణింతాన్ని హల్లుగా, అచ్చుగా విడదీసి, గుడికీ ఇకారానికీ ఒకే గుర్తు ఇవ్వాలి. నిరోష్ఠ్య కావ్యాన్ని కంప్యూటర్‌తో పరీక్షించాలంటే ఈ రెండవ మార్గమే శరణ్యం: పవర్గంతో పాటు ఉకారాన్నీ, దాని కొమ్మునూ కలిపి వెతకవలసి ఉంటుంది.