మగ్గం గదిలో కెమెరాకు పరీక్ష

కొత్త కెమెరా కొనాలనుకునే ఔత్సాహికులు ముందుగా అడిగే ప్రశ్న "ఎన్ని మెగాపిక్సెల్స్?" అని. దుకాణంలో కన్నా గద్వాల మగ్గం దగ్గర దీనికి మంచి జవాబు దొరుకుతుంది. నూలు చీర, దానికి పట్టు అంచు, పట్టు కొంగు, వాటిలో జరీ. నూలు వెలుతురును తాగేస్తుంది, జరీ దాన్ని తిప్పికొడుతుంది. గదిలో వెలుగు తరచూ ఒక్క కిటికీ నుంచే వస్తుంది. నీడలోని పడుగు పోగులు నల్లని ముద్ద కాకూడదు, జరీ తెల్లగా పాలిపోకూడదు. ఒకే ఫొటోలో ఈ రెండు కొసలనూ నిలబెట్టే శక్తినే డైనమిక్ రేంజ్ అంటారు.

అదీ దాటాక ఇంకో చిక్కు. ఫొటోను కంప్యూటర్‌లో చూస్తే, నేతలో ఎక్కడా లేని ఊదా, పచ్చ అలలు చీర మీద తేలుతుంటాయి. పోగుల వరస, సెన్సర్ మీది పిక్సెళ్ల వరస దాదాపు ఒకే సన్నదనానికి వచ్చినప్పుడు ఈ అలలు పుడతాయి. మువారే అనే ఈ దోషానికి మూలం డిజిటల్ కెమెరా పుట్టుకలోనే ఉంది.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే సిలికాన్ పలకను రూపొందించారు. వెలుతురు పడితే అందులో విద్యుదావేశం పోగవుతుంది. దాన్ని గడి నుంచి గడికి జరుపుకుంటూ చివర లెక్కగడతారు. 2009లో దీనికే వాళ్లకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కొడాక్‌లో పనిచేసే యువ ఇంజనీరు స్టీవెన్ సాసన్ అలాంటి పలకతోనే 1975లో తొలి డిజిటల్ కెమెరా చేశాడు. బరువు 3.6 కిలోలు. నలుపు తెలుపుల్లో వంద వరసలు, వరసకు వంద చుక్కలు. ఒక్క ఫొటోను క్యాసెట్ మీద ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది.

రంగుల మార్గం చూపినవాడు అదే కొడాక్‌కు చెందిన బ్రైస్ బేయర్. 1976లో పేటెంట్ పొందిన ఆయన రంగు ఫిల్టర్ల అమరికలో ప్రతి నాలుగు గడుల్లో రెండు పచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మన కన్ను సన్నని వివరాలను పచ్చ వెలుగులోనే బాగా పోల్చుకుంటుంది కాబట్టి దానికి రెండు వాటాలు. ఇప్పటికీ దాదాపు అన్ని కెమెరాలూ ఈ దారిలోనే నడుస్తున్నాయి. ఏ గడికైనా తెలిసేది ఒక్క రంగే. మిగతా రెండింటినీ పక్క గడులను చూసి ఊహించుకోవాలి. సన్నని నేత ఎదురైతే ఆ ఊహ దారి తప్పుతుంది. ఆ తప్పే మనకు రంగుల అలగా కనిపిస్తుంది. దీన్ని తగ్గించడానికి సెన్సర్ ముందు బొమ్మను కాస్త మసకబరిచే పొర పెట్టేవారు. నికాన్ డీ7100 (2013) లాంటి కెమెరాలు మరింత స్ఫుటత కోసం ఆ పొరనే తీసేశాయి. అంటే ఖరీదైన కొత్త కెమెరా చీర విషయంలో పాతదానికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టవచ్చు. అడుగు ముందుకో వెనక్కో జరిగి తీస్తే చాలాసార్లు ఆ అల మాయమవుతుంది. అందుకు పైసా ఖర్చు లేదు.

ఇక అసలు లెక్క. కెమెరాతో వచ్చే 18-55 జూమ్ లెన్స్ చివరి కొసలో ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్ 1.8 ఉన్న 50 మి.మీ. లెన్స్ అంతకు తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు ఇస్తుంది. మగ్గం గదిలో ఆ జూమ్‌తో సెకనులో 15వ వంతు షట్టర్ వేగం దగ్గర నాడె పట్టిన చెయ్యి చెదిరిపోతుంది. 50 మి.మీ. లెన్స్‌తో 125వ వంతుకు వెళ్లవచ్చు, చెయ్యి నిలుస్తుంది. ఫోకస్ నిలిచే మేర మాత్రం సన్నగిల్లుతుంది కాబట్టి చేతినో ముఖాన్నో ఎంచుకోవాలి. దీనికి బదులు ఏపీఎస్-సీ సెన్సర్ (23.5×15.6 మి.మీ.) నుంచి ఫుల్‌ఫ్రేమ్‌కు (36×24 మి.మీ.) మారితే పెరిగే వైశాల్యం సుమారు 2.4 రెట్లు మాత్రమే. ఖర్చు మాత్రం లెన్స్‌కు అయ్యేదానికి ఎన్నో రెట్లు. నా దృష్టిలో మెగాపిక్సెళ్ల పోటీ కన్నా తొమ్మిది రెట్లు, 2.4 రెట్లు అనే ఈ రెండు అంకెలే ముఖ్యం.

జూరాల దగ్గర కృష్ణ మీద ఎగిరే కొంగలకు, నల్లమలలో ఫరహాబాద్ సఫారీలో చెట్ల నీడన కదిలే జింకలకు లెక్క మారుతుంది. అక్కడ చిన్న సెన్సరే మేలు చేస్తుంది: 300 మి.మీ. లెన్స్ ఏపీఎస్-సీ మీద 450 మి.మీ. లెన్స్‌లా చూస్తుంది. కొత్త బాడీకి డబ్బు పెట్టడం సమంజసమయ్యేది కూడా ఇక్కడే. లోపల అద్దం ఉండే పాత ఎస్సెల్లార్ కెమెరాల్లో ఫోకస్ చుక్కలు ఆ అద్దం కింద, ఫ్రేము నడిమి భాగంలోనే ఉండేవి. 2008లో పానాసోనిక్ జీ1తో లెన్స్ మార్చుకోగల, అద్దం లేని కెమెరాలు మొదలయ్యాయి. వాటిలో ఫోకస్ పని సెన్సరే చేస్తుంది. ఇప్పటి మోడళ్లు చాలావరకు పక్షి కన్నును తామే గుర్తుపట్టి వెంటాడతాయి. చప్పుడు లేకుండా తీయగలవు కాబట్టి జంతువులు బెదరవు. సోమశిల దగ్గర కృష్ణ వెనక నీళ్లకు, పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తున్న వనపర్తి రాజప్రాసాదానికి ఇవేవీ అక్కర్లేదు. అవి కదలవు. ఒక ట్రైపాడ్ ఉంటే పదేళ్ల నాటి కెమెరా కూడా సరిపోతుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో తప్పక అడగాలి. పాత లెన్సులు కొత్త బాడీకి అడాప్టర్‌తో సరిపోతాయో లేదో, ఆటోఫోకస్ పనిచేస్తుందో లేదో డబ్బు ఇవ్వకముందే బిగించి చూడాలి.

అంతకన్నా ముందు, మీరు పక్కన పడేసిన ఫొటోలను ఒకసారి తెరవండి. చీకటి వల్ల, చెయ్యి చెదరడం వల్ల పాడైనవే ఎక్కువైతే లెన్స్ కొనండి. ఫోకస్ అందక జారిపోయిన పక్షులు ఎక్కువైతే బాడీ మార్చండి.