గూటికి కాపలా

ఉష్ణమండల వర్షారణ్యాలలో నివసించే పక్షులలో హార్న్‌బిల్ ఒకటి. దాని ముక్కు చాలా పెద్దది. కొన్ని జాతులలో ఆ ముక్కు మీద కొమ్మువంటి తొడుగు కూడా ఉంటుంది. ఈ పక్షి గూడు కట్టే తీరు విచిత్రమైనది. ఆడపక్షి ఒక ముసలి వృక్షపు తొర్రలో ప్రవేశించి, మట్టితోను రెట్టతోను దాని ద్వారాన్ని మూసుకొంటుంది. ముక్కు పట్టేటంత చీలిక మాత్రమే మిగులుతుంది. మగపక్షి అడవి అంతా తిరిగి పండ్లు తెచ్చి ఆ చీలికగుండా అందిస్తుంది. పెద్ద హార్న్‌బిల్ జాతిలో ఆడపక్షి తొర్రలో చేరినది మొదలు పిల్ల ఎగిరిపోయేవరకు సుమారు నాలుగు నెలలు పడుతుంది. ఆ కాలంలో వేటగాడు మగపక్షిని కొడితే తొర్రలోనికి ఆహారం రాదు. ఒక్క దెబ్బకు ఆ ఏటి సంతతి నశించవచ్చు.

ఇటువంటి జీవులను కాపాడే పనిలో పాల్గొనడానికి ఎందరో విద్యార్థులు, ఉద్యోగులు సెలవులలో స్వంత ఖర్చు పెట్టుకొని పరదేశపు అడవులకు వెళ్తూ ఉంటారు. వీరే స్వచ్ఛంద సేవకులు. ఇట్లా వచ్చేవారిని శాస్త్రజ్ఞుల బృందాలతో కలిపి పంపే సంస్థలలో ఎర్త్‌వాచ్ ఒకటి. ఇది 1971లో అమెరికాలో ప్రారంభమైనది. సేవకులు జంతువులను లెక్కిస్తారు, కెమెరాలలో పడిన బొమ్మలను వేరుచేస్తారు, మొక్కలు నాటుతారు. ఒక శాస్త్రజ్ఞుడు ఒంటరిగా చేయలేని పని పదిమంది చేతులతో పూర్తి అవుతుంది. వారు ఇచ్చే రుసుము కూడా పరిశోధనకు తోడ్పడుతుంది.

అయితే ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడాలి. సేవకుడు రెండు వారాలు ఉంటాడనుకొందాం. గూడు నాలుగు నెలలు ఉంటుంది. తక్కిన మూడున్నర నెలలు దానికి కాపలా ఎవరు?

థాయిలాండ్‌లో హార్న్‌బిల్ పక్షులను దీర్ఘకాలం పరిశీలించిన శాస్త్రవేత్త పిలాయ్ పూన్‌స్వాద్ ఈ ప్రశ్నకు ఆచరణలో సమాధానం చూపినారు. ఆ దేశపు దక్షిణభాగంలోని బూదో కొండలలో, హార్న్‌బిల్ పిల్లలను పట్టి అమ్ముకొనే గ్రామస్థులనే 1990ల దశకంలో ఆమె గూళ్ళకు కాపరులుగా మార్చినారు. ఏ చెట్టుకు తొర్ర ఉన్నదో వారికంటె ఎక్కువ తెలిసినవారు లేరు కదా! పట్టణవాసులు ఒక్కొక్క గూడును దత్తు తీసుకొని సొమ్ము పంపుతారు. ఆ సొమ్ము కాపరులకు జీతం అవుతుంది. మన దేశంలో అరుణాచల్ ప్రదేశ్‌లోని పక్కే అడవుల అంచున, నిషి తెగవారి గ్రామాలలో 2011లో ఇటువంటి పథకమే ఆరంభమైనది. అక్కడ కూడా ఒకప్పటి వేటగాళ్ళు కాపరులైనారు.

దీనినిబట్టి ఒక సూత్రం తేలుతున్నది. దూరంనుండి వచ్చినవారు సహాయం చేయగలరు. గూటిని నిలబెట్టేది మాత్రం ఆ చోటనే ఉండేవారు. ఈ సూత్రం వర్షారణ్యానికే పరిమితమా? దానికి పూర్తిగా భిన్నమైన ప్రదేశంలో పరీక్షించి చూద్దాం.

అనంతపురం పీఠభూమి అటువంటి ప్రదేశం. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాన్ని అడ్డగిస్తాయి. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య ఋతుపవనం చేరేసరికి బలహీనపడుతుంది. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే కురుస్తుంది. వర్షారణ్యాలలో సాధారణంగా 2,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. ఈ కరవు నేలలో, చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే గ్రామం ఉన్నది. 2022 వరకు ఇది అనంతపురం జిల్లాలోనిది. ఆ సంవత్సరం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఏటేటా ఎర్రకాళ్ళ కొంగలు ఈ ఊరికి వచ్చి చెట్లమీద గూళ్ళు కట్టి, పిల్లలను చేసి, వానకాలంలో వెళ్ళిపోతాయి. గ్రామస్థులు వాటిని కొట్టరు, కొట్టనీయరు.

ఈ పక్షులను చాలామంది సైబీరియా కొంగలని పిలుస్తారు. ఇది పొరపాటు. ఎర్రకాళ్ళ కొంగ భారతదేశం, సింహళం, ఆగ్నేయాసియాలకు చెందినది. నీరు, ఆహారం వెతుక్కొంటూ దేశంలోపలనే తిరుగుతుంది. ఉత్తరాననుండి శీతకాలంలో వచ్చే బాతులు ఇక్కడ మేసి, పిల్లలను చేయడానికి తమ దేశాలకు తిరిగిపోతాయి. ఎర్రకాళ్ళ కొంగ ఇక్కడనే పిల్లలను చేస్తుంది. కాబట్టి అది అతిథి కాదు. ఈ ఊరు దాని పుట్టిల్లు. ఇక్కడ చెట్టు పోతే సైబీరియాలో మరొక చెట్టు దాని కొరకు లేదు.

కరవు నేలకు నీటిపక్షి ఎందుకు వస్తుంది? దీనికి కారణం అది మేసే పద్ధతిలో ఉన్నది. ఈ కొంగ సగం తెరచిన ముక్కును పలుచని నీటిలో ముంచి అటూ ఇటూ ఆడిస్తుంది. కాలితో బురదను కదుపుతుంది. చేప తగిలిన క్షణంలో ముక్కు మూసుకొంటుంది. కంటితో కాక స్పర్శతో వేటాడుతుందన్నమాట. కాబట్టి చేపలు ఒకచోట గుమిగూడి ఉంటేనే దానికి కడుపు నిండుతుంది. వానలకు నిండిన చెరువు మెల్లగా ఇంకేటప్పుడు చేపలు కొద్ది నీటిలో చేరుతాయి. పిల్లలకు ఎక్కువ మేత కావలసినదీ అప్పుడే. కాని చెరువు మరీ ముందుగా ఎండితే మేత ఒక్కసారిగా ఆగిపోతుంది. ఈ పక్షుల బ్రతుకు చెరువు నీటి లెక్కతో ముడిపడి ఉన్నది.

గుడ్లు పొదగడానికి ఒక నెల, పిల్లలకు రెక్కలు రావడానికి రెండు నెలలు పడుతుంది. అంటే గూటికి కనీసం మూడు నెలల కాపలా కావాలి. దీనికి ఖర్చు కూడా ఉన్నది. చింతకాయ దులిపే మాఘ ఫాల్గుణ చైత్ర మాసాలలోనే కొంగలు గూళ్ళమీద ఉంటాయి. గూళ్ళున్న కొమ్మను కదపకూడదంటే ఆ పంటను వదులుకోవాలి. రెట్టవాసన భరించాలి. కర్ణాటకలో మాండ్య జిల్లాలోని కొక్కరె బెళ్ళూరు గ్రామంలో కూడా ఇవే కొంగలు, గూడబాతులు చింతచెట్లమీద గూళ్ళు కడతాయి. అక్కడ చెట్ల యజమానులకు కలిగే నష్టానికి అటవీశాఖ పరిహారం ఇచ్చే ఏర్పాటు చేసినది. రాలిన రెట్ట పొలాలకు ఎరువుగా పనికివస్తుంది. అందరికీ సంతోషమిచ్చే పక్షి కొరకు నష్టం ఒక్క చెట్టుగల రైతే భరించడం న్యాయం కాదు. పరిహారం లేకపోతే కాపలా ఎన్నాళ్ళో నిలవదు. బయటివారి సహాయం నిజంగా అవసరమైనది ఇక్కడనే.

మరొక సహాయం ఉన్నత పాఠశాల విద్యార్థులు చేయగలరు. అది లెక్కించడం. ఊరిలోనో, సమీపంలోనో కొంగలు గూళ్ళు కట్టే చెట్లుంటే ఒక్కొక్క చెట్టుకు ఒక సంఖ్య ఇచ్చి పటం గీయవచ్చు. వారానికి ఒకసారి, ఒకే వేళకు, దూరంనుండి బైనాక్యులర్‌తో గూళ్ళు ఎన్ని, పిల్లలు ఎన్ని అని వ్రాసుకోవాలి. చెరువులో నీరు ఎంతవరకు ఉన్నదో కూడా వ్రాయాలి. చెట్టుక్రిందికి పోరాదు. ఎండవేళ తల్లి రెక్కలు చాచి పిల్లలకు నీడ పడుతుంది. అది బెదిరి లేచిపోతే పిల్లలు ఎండకు మాడిపోతాయి. కాకులు గుడ్లు ఎత్తుకొనిపోతాయి.

ఒక చెట్టుమీద 20 గూళ్ళు ఉండి, చివరకు 30 పిల్లలు ఎగిరినవనుకొందాం. గూటికి ఒకటిన్నర పిల్ల అన్నమాట. మరుసటి ఏడు గూళ్ళు 20 ఉండి పిల్లలు 10 మాత్రమే ఎగిరితే, ఏదో లోపం జరిగినట్లు తెలుస్తుంది. చెరువు ముందుగా ఎండినదా, గాలివాన వచ్చినదా, కొమ్మలు నరికినారా అని పుస్తకంలో వెతకవచ్చు. ఒక ఏటి లెక్క కొద్దిగానే చెబుతుంది. పది ఏళ్ళ లెక్క కారణాలను చూపుతుంది. విద్యార్థులు పదవ తరగతి ముగించి వెళ్ళిపోతారు. అందుచేత ఆ పుస్తకం పాఠశాలలోనే ఉండాలి. ఏటేటా క్రొత్త తరగతికి దానిని అప్పగించే బాధ్యత విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయునిది.